పేర్లతో అలికిన చాట

మా మనవరాలు బయటికి వెళ్లేటప్పుడు చెప్పులకంటే ముందు ఫోను చూసుకుంటుంది. గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడి బొటనవేలితో ఒక్కొక్కటే తుడిచేస్తుంది. ఫొటోలు పోతాయి, కబుర్లు పోతాయి, స్నేహితుల పేర్లు పోతాయి. దారిలో సిపాయిలెవరైనా ఆపి ఫోను చూపించమంటే అందులో ఏమీ దొరక్కూడదు. మరీ ఖాళీగా ఉన్నా అనుమానమేనట, అందుకని నాలుగు పువ్వుల బొమ్మలూ ఒక పిల్లి బొమ్మా ఉంచుతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక ఎక్కడినుంచో అన్నీ మళ్లీ తెచ్చుకుంటుంది. ఆ విద్య నాకు అంతుపట్టదు.

మొన్న పొద్దున్న అలా తుడుస్తూ తుడుస్తూ తలెత్తింది.

"అమ్మమ్మా, నీ పేరు కూడా డిలీట్ సేసీనా? ఫోన్లో ఎవుల పేరుంటే ఆలనే పిలుత్తన్నారంట."

నేను కింద కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. చాట చేతిలో ఆగిపోయింది. అది మా అమ్మ నాటి వెదురు చాట, మీద కాగితపు గుజ్జు అలికి ఉంటుంది. ఎండాకాలమంతా మామూలుగానే ఉండి, వానలు పడగానే మెంతుల వాసన వేస్తుంది. ఆ వాసనా ఈ మాటా ఒక్కసారే తగిలాయి. పేరున్న వాళ్లని పిలుస్తారన్న మాట నేను వినడం అది రెండోసారి. మొదటిసారి విన్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

అప్పుడు మేం ఈ బర్మాలోనే, తామ్వే పేటలో ఒక చెక్క ఇంటి పై అంతస్తులో ఉండేవాళ్లం. నాన్న సేక్కాన్ రేవులో గుమాస్తా. తాత అదే రేవులో బస్తాలు మోశాడు, నాన్న బస్తాలకు చీటీలు రాశాడు. ఆ ఒక్క మెట్టు ఎక్కినందుకు, ఎక్కడ దింపేస్తారోనని నాన్న బతికినన్నాళ్లూ భయపడ్డాడు. ఇంట్లో గట్టిగా నవ్వినా "కిటికీ వేయండే" అనేవాడు.

మా వీధి చివర భజన ఇల్లు ఉండేది. దాని వెనక గదిలో మా తెలుగువాళ్ల లైబ్రరీ. లైబ్రరీ అంటే మీరేమేమో ఊహించుకుంటారు. మూడు బీరువాలు, ఒక బల్ల, ఒక కుంటి ఫ్యాను. బీరువాల కాళ్లు నీళ్లు పోసిన పాల డబ్బాల్లో నిలబెట్టి ఉండేవి, చీమలు ఎక్కకుండా. అయినా చెద వచ్చేది, గోడలోంచి. పుస్తకాల మధ్య వేపాకు, కర్పూరం బిళ్లలు. నాలుగు నెలల వానకి పేజీలన్నీ ఉబ్బిపోయి, తలుపు తీస్తే తడిసిన గోనె వాసన, కర్పూరం వాసన కలిసి కొట్టేవి. ఆ వాసన నాకిష్టం.

అందులో సగం పుస్తకాలు బర్మా వదిలి ఓడలెక్కి వెళ్లిపోయిన తెలుగువాళ్లవి. మనిషికి ఇంత సామానే అని కట్టడి ఉండేదట. చీరలు, గిన్నెలు పెట్టెలో పెట్టుకుని, పుస్తకాలు మాత్రం ఇక్కడ దించి, కళ్లు తుడుచుకుని రేవుకి పోయేవారు. అట్టలు చిరిగితే బర్మా క్యాలెండరు కాగితాలతో అట్టలేసేవారు. అందుకని మా రామాయణం మీద ఒక సినిమా తార నవ్వుతూ ఉండేది.

ఆ లైబ్రరీని చూసుకునే ముసలాయన్ని అందరూ సయాజీ అనేవారు. బర్మా మాటే, పెద్ద పంతులుగారని. మా తెలుగు బడి ఉన్నన్నాళ్లూ ఆయన బడిపంతులు. బడి మూతపడ్డాక బల్లలు పోయాయి, పుస్తకాలు మిగిలాయి, పుస్తకాలతోపాటు ఆయనా మిగిలాడు. నా అన్నవాళ్లు లేరు. గదిలోనే ఒక మూల చాప. జీతం లేదు. దానికి బదులు ఏడిళ్లవాళ్లు వారాలు పెట్టుకున్నారు. చదువుకునే పిల్లలకి వారాలు పెట్టడం మీకు తెలుసు కదా, మా ఊళ్లో చదువు చెప్పిన ముసలాయనకి వారాలు. సోమవారం ఒకరింటి క్యారేజీ, మంగళవారం ఇంకొకరిది. మాది లక్ష్మివారం. పట్టుకెళ్లేది నేను.

అమ్మ గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండేది. దారిలో మలుపు తిరగ్గానే నేను మూత తీసి నాలుగు రొయ్యలు నోట్లో వేసుకునేదాన్ని. సయాజీ తాత క్యారేజీ విప్పి, కళ్లజోడు సర్దుకుని, గోంగూరని వేలితో అటూ ఇటూ వెతికేవాడు.

"ఏటే గుంటా, ఈ వారం రొయ్యలకి రెక్కలొచ్చినాయా?"

"నాకు తెల్దు తాతా."

"నీ మూతి మీద గోంగూరకి తెల్సు."

తిన్నాక క్యారేజీ తనే కడిగేవాడు. ఖాళీ గిన్నె పంపకూడదని ఒక బెల్లం ముక్కో, రెండు లవంగాలో వేసేవాడు. తరవాత బల్ల దగ్గర కూర్చోబెట్టి నాకు అక్షరాలు దిద్దించేవాడు. బడిలో మేం చదివేది బర్మా భాష. తెలుగు మాట్లాడ్డమే గాని రాయడం మా ఈడు పిల్లల్లో ఎవరికీ రాదు. నేను మాత్రం లక్ష్మివారం లక్ష్మివారం ఒక్కో అక్షరం చొప్పున గుణింతాల దాకా వచ్చాను.

ఆయన కోపం నేను చూసింది ఒక్కసారే. మా అమ్మ ఎండాకాలంలో పాత కాగితాలు మెంతులతో నానబెట్టి, రుబ్బి, ఆ గుజ్జు చాటలకి అలికేది. కన్నాలు పూడిపోయి చాట ఏళ్ల తరబడి ఆగుతుంది. బర్మా పేపర్లు పీచుగా ఉంటున్నాయని, చెద తినేసిన తెలుగు పుస్తకాలుంటే ఇమ్మని అడిగింది. ఆయన బీరువా తలుపు ధడాలున మూశాడు.

"సదువుల తల్లిని రోట్లో ఏసి రుబ్బీత్తావేటమ్మా? అచ్చరమున్న కాయితం కాలికి తగిల్తే కళ్లకద్దుకుంటాం. నువ్వు చాటకి అలుకుతానంటావు!"

అమ్మ లెంపలు వేసుకుంది. ఇంటికొచ్చాక మాత్రం "చెదలకి పెడతాడు గాని చాటకివ్వడు" అని గొణిగింది.

ఆ సంవత్సరం వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నా పేరు నేను తప్పుల్లేకుండా రాయగలిగాను. ఆయన బీరువా పై అరలోంచి ఎర్ర గుడ్డ బైండు వేసిన పెద్ద పుస్తకం దించాడు. రిజిస్టరు. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో, ఏ వీధిలో ఉంటారో అన్నీ అందులో ఉన్నాయి. చదువురాని కూలీలు కూడా ఉన్నారు, ఎవరిచేతనైనా చదివించుకోడానికి పట్టుకెళ్లేవారట. వాళ్ల పేరు పక్కన వేలిముద్ర.

"రాయి. ఈ లైన్లో."

సిరా కలం నేను పట్టుకోవడం అదే మొదలు. పేరు కిందికి జారిపోయి, పక్క గడిలోకి దూరింది. చివర చుక్క పడింది. ఆయన ఊది ఆరబెట్టి, "ఇందల పేరున్నోలంతా మన సుట్టాలేనే. నువ్వూ వొచ్చీసినావు" అన్నాడు. ఆ పూట నేను నేలమీద నడవలేదు.

పదిరోజులు కాలేదు, భయం మొదలైంది. ఎక్కడ పుట్టిందో తెలీదు. పరాయి భాష పుస్తకాలున్న చోటల్లా సర్కారువాళ్లు తనిఖీ చేస్తున్నారని ఒకరు, ఎవరెవరు చదివారో అడుగుతున్నారని ఇంకొకరు. ఫలానా పేటలో ఒకాయన్ని పిలిచి మూడు రోజులు కూర్చోబెట్టారన్నారు. ఆ ఒకాయన ఎవరో ఎవరికీ తెలీదు. మా వీధిలో పెద్దవాళ్లు టీ కొట్టులో తెలుగు మాట్లాడ్డం మానేశారు. నాన్న గోడమీది వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తీసి, వెనక్కి తిప్పి తగిలించాడు. స్వామి మాకు వీపు పెట్టి ఉంటే పడుకోవడానికి నాకు చాలా భయమేసింది.

పెద్దలు భజన ఇంట్లో తలుపులు వేసుకుని మాట్లాడుకున్నారు. అందరికీ పెద్ద, మసాలా కొట్టు పెద్దయ్య. ఆయన చొక్కా ఎప్పుడూ పసుపూ ధనియాల వాసన. పుస్తకాలు ఉంచకూడదని తేలింది. కాల్చడానికి ఎవరికీ చేతులు రావు. పాత కాగితాలవాడికి అమ్మితే బజార్లో తేలతాయి. చివరికి పెద్దయ్యే మార్గం చెప్పాడు. దసరా వస్తోంది. సరస్వతి పూజకి పుస్తకాలన్నీ అమ్మవారి ముందు పెట్టడం ఎలాగూ ఉన్నదే. ఈసారి మట్టి సరస్వతిని చేయించి, పూజయ్యాక నదిలో కలుపుదాం. అమ్మవారితో పాటు పుస్తకాలూ వెళ్లిపోతాయి. ఎవరికీ అనుమానం రాదు, పాపమూ అంటదు.

సయాజీ తాత అవునూ అనలేదు, కాదూ అనలేదట. ఆ రాత్రి నాన్న అమ్మతో చెబుతుంటే విన్నాను.

పూజనాడు పుస్తకాలు నడుమెత్తు గుట్ట. పైన బంతిపూలు. మా పిల్లలం కూడా మా బడి పుస్తకాలు తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పెట్టాం. ఏటా చేసేదే. హారతి అయ్యాక పెద్దయ్య గంట పక్కన పెట్టి ఎప్పటిలాగే అన్నాడు.

"పిల్లలూ, ఎవుల పుస్తకాలు ఆలు తీసుకోండర్రా. బేగి, బేగి!"

నేను నా బడి పుస్తకం తీసుకున్నాను. గుట్ట పక్కన ఎర్ర బైండు కనిపించింది. అందులో నా పేరుంది. నా పేరున్న తెలుగు పుస్తకం ప్రపంచంలో అదొక్కటే. మరి అది నాదే కదా? పైగా నాకింకో భయం. నది అవతల దలా వెళ్లే పడవ బోల్తాపడి పోయినవాళ్ల గురించి అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. పేరు నీళ్లలో మునిగితే మనిషి కూడా మునిగిపోతుందేమోనని. ఎవరూ చూడ్డం లేదు. తీసి బడి సంచిలో పెట్టుకున్నాను.

మిట్టమధ్యాహ్నం డప్పులతో లారీ కదిలింది. ముందు అమ్మవారు, అమ్మవారి పీట కింద మూటలు. సేక్కాన్ దగ్గర రెండు సంపాన్ పడవలు మాట్లాడి ఉంచారు. పూలపళ్లెం పట్టుకోడానికి నన్నూ ఎక్కించారు. నది బురద రంగులో, మా గొడవ ఏమీ పట్టనట్టు పోతోంది. నడిమధ్యకి వచ్చేసరికి ఎగువనుంచి ఒక గస్తీ లాంచీ నేరుగా మా వైపే వచ్చింది. డప్పు కొట్టేవాడి చేతులు ఆగిపోయాయి.

"కొట్టరా! కొట్టు!" అని పెద్దయ్య పళ్లబిగువున అరిచాడు.

లాంచీలోంచి ఒకతను బర్మా భాషలో అడిగాడు, ఏమిటది అని. దేవత, స్నానానికి తీసుకెళ్తున్నామని పెద్దయ్య చేతులు జోడించాడు. అతను అమ్మవారి వీణ చూసి నవ్వి, బాగుందన్నట్టు తలూపి వెళ్లిపోయాడు. ఆ అల తగిలి మా పడవ ఊగింది. నాన్న చొక్కా వీపంతా తడిసిపోవడం చూశాను. నీళ్లు మీద పడ్డం వల్ల కాదు.

మూటలు ఒక్కొక్కటే జారవిడిచారు. ఒకటి ముడి ఊడి తెరుచుకుంది. సినిమా తార అట్ట పైకి తేలి మావైపు చూసి నవ్వింది. పడవవాడు తెడ్డుతో నొక్కితే మునిగి, మళ్లీ తేలింది. సయాజీ తాత కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. అది లేకపోతే ఆయనకి చేతి దూరం కూడా కనిపించదు.

ఇంటికొచ్చాక అన్నాల దగ్గర నాన్న అమ్మతో అన్నాడు.

"పుస్తకాలు పోతే పోనీ, ఆ రిజిస్టరు మునిగింది, అదే పదివేలు. అందల నా పేరుంది, మీ అన్న పేరుంది. పేరున్నోలందర్నీ పిలుత్తారంట."

రిజిస్టరు అప్పటికి అటకమీద, అమ్మ పాత చాటల మధ్య ఉంది. నాన్న పడుకునే చాపకి సరిగ్గా పైన.

తరవాతి వారం నిజంగానే ఇద్దరు మనుషులు భజన ఇంటికి వచ్చారు. ఖాళీ బీరువాలు తెరిచి చూశారు. పుస్తకాలేవంటే, వెళ్లిపోయినవాళ్లు పట్టుకుపోయారని చెప్పారు. తీసుకెళ్లినవాళ్ల జాబితా ఏదైనా ఉందా అని అడిగి, లేదంటే ఊరుకుని, ఫ్యాను తిరుగుతుందా లేదా చూసి వెళ్లారు. అంతే. కానీ ఆ జాబితా మాటతో పెద్దయ్యకి ఒక సంగతి గుర్తొచ్చింది. మూటలన్నీ ఆయన చేతులతో కట్టినవే. ఎర్ర బైండు తను కట్టిన గుర్తు లేదు.

అందరి చూపూ సయాజీ తాత మీద పడింది. పుస్తకాన్ని విడిచి ఉండలేని మనిషి, ఆయనే దాచుంటాడన్నారు. ఆయన తనకు తెలియదన్నాడు. చాప దులిపి చూపించాడు, ట్రంకుపెట్టె బోర్లించి చూపించాడు. నమ్మలేదు. దాచాడో, ఎవరికైనా ఇచ్చాడో అన్నారు. అప్పటినుంచి రాత్రిళ్లు మెట్లమీద చప్పుడైతే మా వీధి వీధంతా ఊపిరి బిగబట్టేది.

ముందు సోమవారం వాళ్లు క్యారేజీ మానేశారు. కోడలికి ఒంట్లో బాగాలేదన్నారు. తరవాత శుక్రవారం, శనివారం వాళ్లు. తరవాత మంగళవారం, బుధవారం వాళ్లు ఒకేసారి. ఆయనతో మాట్లాడితే తమ పేరు ఎక్కడ పైకొస్తుందోనని భయం. నేను వేళ్లమీద వారాలు లెక్కపెట్టుకుని ఏడ్చేదాన్ని. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. నాన్న మొహం చూసి మానుకునేదాన్ని.

ఒక లక్ష్మివారం ఆయన అన్నం సగం తిని, మిగతా సగం మూతకింద దాచుకున్నాడు. రొయ్యల గురించి అడగలేదు. అసలు నేను ఆ వారం ఒక్క రొయ్య కూడా ముట్టలేదు.

"మొత్తం తినీ తాతా."

"రేపు ఎవులూ రారు కదే" అన్నాడు, మామూలుగా.

ఆ రాత్రే నాన్న తేల్చేశాడు. "ఈ వొచ్చే వారం ఆకరు. మనకెందుకొచ్చిన గొడవ." అన్నం మానిపిస్తే పాపమని అమ్మ ఏడ్చింది. నాన్న కిటికీ వేశాడు.

ఆ ఆఖరి లక్ష్మివారం అమ్మ గిన్నె నిండా గోంగూర పెట్టి, గుడ్డు కూడా వేసింది. నేను అటకెక్కి ఎర్ర బైండు దింపి సంచిలో పెట్టుకున్నాను. దారిలో ఎదురైన ప్రతి మనిషీ నా సంచినే చూస్తున్నట్టుంది. మలుపులో పోలీసు ఒకతను మొహింగా సేమ్యా తింటూ తలెత్తితే సంచి వీపు వెనక్కి తిప్పుకున్నాను. అతను మళ్లీ తలదించుకుని పులుసు జుర్రుకున్నాడు.

సయాజీ తాత ముందు పుస్తకం పెట్టి గోడకి నక్కాను. ఆయన చేత్తో అట్ట నిమిరాడు.

"నీ పేరుందని తీసినావేటి?"

తలూపాను.

"ఎవులకైనా సెప్పినావా?"

లేదన్నట్టు తలూపాను. కొడతాడనుకున్నాను. ఆయన తలుపు గడియ పెట్టొచ్చి, క్యారేజీ విప్పి, ముందు నాకొక ముద్ద పెట్టాడు. "బయపడకు. నీ మాట నా నోట రాదు" అన్నాడు. తరవాత అడిగాడు.

"ఇంట్లో మెంతులుంటే ఓ గుప్పెడు తేగలవేటే? అలాగే పాత చాటొకటి."

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక ఏడుపొచ్చింది.

మూడు రోజులు బడి వదిలాక అమ్మకి చెప్పకుండా వెళ్లాను. ఒక్కొక్క పేజీ చింపేముందు ఆయన పేర్లు పైకి చదివాడు, మెల్లగా, పక్కింటికి వినపడనంత మెల్లగా. చదివిన పేజీ బకెట్లో వేశాడు. సిరా నీలంగా కరిగి పైకొచ్చింది. మా నాన్న పేరు, మసాలా కొట్టు పెద్దయ్య పేరు, ఓడలెక్కి వెళ్లిపోయినవాళ్ల పేర్లు, వేలిముద్రలు. చివరి పేజీ దగ్గర ఆగాడు. నా లైను దగ్గర వేలు పెట్టాడు.

"ఇదొక్కటీ కోసి నీకిచ్చీనా? సన్న ముక్క. జడలో పెట్టుకుంటే ఎవులు సూత్తారు?"

ఏ పేరు కోసం ఆ పుస్తకం దొంగిలించానో ఆ పేరు. మొహింగా తింటూ తలెత్తిన పోలీసు నాకు కనిపించాడు. నాన్న తడిసిన వీపు కనిపించింది.

"వొద్దు తాతా. అది కూడా ఏసీ" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. కోపంగా కాదు. ఆ పేజీ బకెట్లో వేశాడు. భజన ఇంటి పెరట్లో ప్రసాదాలకి వాడే రోట్లో మెంతులతో కలిపి ఆయనే రుబ్బాడు. మా అమ్మచేత లెంపలు వేయించిన చేతులతోనే చాటకి అలికాడు, నున్నగా, ఒక్క కన్నం మిగలకుండా. ఎండబెట్టి నాచేత ఇంటికి పంపాడు. పాత పేపర్లని అమ్మకి చెప్పమన్నాడు. అమ్మ నమ్మింది, నీలం రంగు దిగిందే అని మాత్రం అంది.

పెద్దల ముందు ఆయన, రిజిస్టరు తనే దాచానని, ఇప్పుడు నీళ్లలో కలిపేశానని, తప్పు తనదేనని ఒప్పుకున్నాడట. అందులో సగం నిజం. వాళ్ల భయం తీరింది గాని కోపం తీరలేదు. ఇన్నాళ్లూ అబద్ధమాడాడని, ఏ ఇంటివాళ్లూ వారం మళ్లీ మొదలుపెట్టలేదు. మా నాన్న కూడా. నెల తిరక్కుండా ఆయన ఫెర్రీ ఎక్కి దలా వెళ్లిపోయాడు, ఎవరో చేపలు పట్టేవాళ్లింట్లో ఉండటానికి. దలా ఎంత దూరం? మా రేవులో నిలబడితే అవతలి గట్టుమీద మనుషులు కనిపిస్తారు. నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. ముందు భయపడి వెళ్లలేదు, తరవాత సిగ్గుపడి వెళ్లలేదు. ఆయన ఎప్పుడు పోయాడో కూడా నాకు తెలియదు.

ఇప్పుడా వెనక గదిలో ఫోన్లు బాగుచేసే కొట్టుంది. నేను తెలుగులో నా పేరు రాసి ఎన్నేళ్లయిందో.

"అమ్మమ్మా! సెప్పవేటి? నాకు లేటైపోతంది. నీ పేరు తీసీనా?"

మనవరాలి బొటనవేలు ఫోను మీద ఆగి ఉంది. దాని మొహంలో భయం నాకోసమే. నా గుండె ఆ తొమ్మిదేళ్లనాటిలాగే కొట్టుకుంటోంది, ఇన్నేళ్లలో అది కాస్త కూడా ధైర్యం నేర్చుకోలేదు.

"వొద్దే. ఉంచు" అన్నాను.

"ఆపితే?"

"ఆపనీ. ఆ పేరు మా అమ్మమ్మదని సెప్పు."

అది ఫోను సంచిలో వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను చాట ఒళ్లో పెట్టుకుని, సాయంత్రం దాని అడుగుల చప్పుడు మెట్లమీద వినిపించేదాకా అక్కడే కూర్చున్నాను. బియ్యం చెరగడం పూర్తి కాలేదు.